ఇంటి దగ్గరే కారు ముందు అద్దం మార్పించుకోవడం ఎలా: ఫోన్ చేసే ముందు నుంచి ఫాస్టాగ్ అతికించే దాకా

ఓఆర్ఆర్ మీదో విజయవాడ హైవే మీదో కంకర టిప్పర్ వెనకాల పోతుంటే టప్‌మని ఒక రాయి వచ్చి తగుల్తుంది, చూస్తే అద్దం మీద చిన్న చుక్క, ఏం కాదులే అని వదిలేస్తాం. తర్వాత ఎప్పుడో మధ్యాహ్నం ఎండలో పెట్టిన కారెక్కి ఏసీ ఫుల్లు పెట్టగానే ఆ చుక్కలోంచి గీత బయల్దేరి మూర పొడుగు పాకేస్తుంది. బయటి వైపు అద్దం కాలిపోతుంటుంది, లోపలి వైపు చల్లగాలి కొడుతుంటుంది, ఆ తేడాకే పగులు పెరుగుతుంది. ఇప్పుడు హైదరాబాద్, విజయవాడ, వైజాగ్ లాంటి చోట్ల ఫిట్టర్లు అద్దం బండిలో వేసుకుని ఇంటికే వచ్చి మార్చి వెళ్తున్నారు, షాపు దగ్గర సగం రోజు కూర్చోవాల్సిన పని లేదు. మంచి సౌకర్యమే. కానీ ఇంటి దగ్గర చేయించేటప్పుడు షాపులో ఉండే నీడ, శుభ్రం, పనిముట్లు మీ సెల్లార్లో ఉండవు, వాటిలో కొన్ని మీరే చూస్కోవాలి. ఇంకోటి, అందరూ అద్దం ఏ కంపెనీ, ఎంత రేటు అనే అడుగుతారు గానీ దాన్ని బాడీకి పట్టి ఉంచే జిగురు గురించి ఎవరూ అడగరు, అసలు అడగాల్సింది దాని గురించే.

ఎందుకంటే ముందు అద్దం గాలి, వాన ఆపడానికి మాత్రమే కాదు. ప్యాసింజర్ వైపు ఎయిర్‌బ్యాగ్ విచ్చుకున్నప్పుడు చాలా కార్లలో అది ఈ అద్దాన్ని ఆనుకునే మనిషి వైపుకి వస్తుంది. కారు పల్టీ కొడితే పైకప్పు నలిగిపోకుండా కాస్త బలం ఇచ్చేది కూడా ఇదే. జిగురు సరిగ్గా పట్టకపోతే సరిగ్గా అవసరమైన క్షణంలోనే అద్దం ఊడి బయటికి పోతుంది. చూడ్డానికి మాత్రం మంచి పనీ చెత్త పనీ ఒక్కలాగే మెరుస్తుంటాయి, అందుకే పని జరిగేటప్పుడే చూడాలి.

ముందు అసలు మార్చాలా వద్దా తేల్చుకోండి

ముందు అద్దం లామినేటెడ్, అంటే రెండు అద్దాల మధ్యలో ఒక ప్లాస్టిక్ పొర పెట్టి అతికిస్తారు, అందుకే పగిలినా ముక్కలు మీద పడవు. పక్క కిటికీలవి టెంపర్డ్ గ్లాసు, అవి పగిలితే బియ్యం గింజల్లా రాలిపోతాయి, వాటికి రిపేర్ లేదు. ముందు అద్దానికి మాత్రం చిన్న దెబ్బైతే రిపేర్ ఉంది. రూపాయి బిళ్ళకంటే చిన్నగా ఉండి, డ్రైవర్ కళ్ళకి ఎదురుగా లేకుండా, అంచుకి దూరంగా, పైపొర వరకే దెబ్బ తగిలుంటే అందులోకి రెజిన్ ఎక్కించి యూవీ లైటుతో గట్టిపరుస్తారు, పగులు అక్కడితో ఆగుతుంది. మచ్చ పూర్తిగా పోదు, కొంచెం కనపడుతుంది. కానీ ఖర్చు తక్కువ, పైగా కంపెనీలో వేసిన ఒరిజినల్ సీల్ కదలకుండా ఉంటుంది కాబట్టి రిపేర్ అయ్యేదైతే రిపేరే చేయించండి. రిపేర్ చేసేవాళ్ళు వచ్చేదాకా ఆ చుక్క మీద ట్రాన్స్‌పరెంట్ టేప్ ముక్క అతికించి పెట్టుకోండి, లోపలికి దుమ్ము, నీళ్ళు పోతే రెజిన్ పట్టదు.

గీత పాకేసినా, అంచు దాకా పోయినా, లోపలి పొర కూడా పగిలినా, డ్రైవర్ చూపుకి అడ్డం వస్తున్నా మార్చడమే.

అడాస్, అంటే నడిపేవాళ్ళకి సాయం చేసే కెమెరా, సెన్సార్ల ఏర్పాటు ఉన్న బండ్లకి ముందే ఒక మాట. మీ కారులో లేన్ దాటితే హెచ్చరించడం, దానంతటదే బ్రేక్ వేయడం లాంటివి ఉంటే మధ్య అద్దం (వెనకొచ్చే బండ్లు చూసుకునే లోపలి అద్దం) వెనకాల ఒక కెమెరా ఉంటుంది. ఎక్స్‌యూవీ700, ఆస్టర్, కొత్త క్రెటా, సెల్టోస్, హారియర్ లాంటి వాటి పై వేరియంట్లలో ఇది ఉంది. అద్దం మారిస్తే ఆ కెమెరాని మళ్ళీ క్యాలిబ్రేట్ చేయాలి, అంటే దాని చూపు సరిగ్గా సెట్ చేయాలి, దానికి సమంగా ఉన్న నేల, కొలత ప్రకారం పెట్టే బోర్డులు, కంపెనీ స్కానర్ కావాలి. కెమెరా కొద్దిగా పక్కకి చూసినా ముందున్న బండి దూరాన్ని తప్పుగా లెక్కేస్తుంది. ఇలాంటి కార్లకి ఇంటి సర్వీస్ వద్దనే నా అభిప్రాయం, షోరూమ్ సర్వీస్ సెంటర్‌కే తీసుకెళ్ళండి, అక్కడైనా క్యాలిబ్రేషన్ రిపోర్ట్ కాగితం అడిగి తీస్కోండి.

ఇన్సూరెన్స్ వాడాలా, జేబులోంచి పెట్టాలా

థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే ఈ భాగం వదిలేయండి, అందులో అద్దానికి ఏమీ రాదు. కాంప్రిహెన్సివ్ ఉంటే అద్దం కవర్ అవుతుంది, పైగా స్టాండర్డ్ పాలసీలో గాజు భాగాలకి డిప్రిసియేషన్ కోత, అంటే పాతబడిందని తగ్గించడం ఉండదు, ఆ కోత తీసేసే జీరో డెప్ యాడ్-ఆన్ లేకపోయినా సరే. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకి మాత్రం 50 శాతం కోస్తారు, అంటే బీడింగ్ (అద్దం చుట్టూ ఉండే రబ్బరు పట్టీ) సగం డబ్బులు మీవే. జిగురు లాంటివి కన్స్యూమబుల్స్ కింద తీసేయొచ్చు, ఆ యాడ్-ఆన్ ఉంటే ఇస్తారు. ఇవి కాక కంపల్సరీ డిడక్టబుల్, అంటే ప్రతి క్లెయిమ్‌లో మీరు పెట్టుకోవాల్సిన వాటా, 1500 సీసీ దాకా 1000 రూపాయలు, ఆపైన 2000.

అసలు లెక్క నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ), అంటే క్లెయిమ్ పెట్టనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు దగ్గరుంది. క్లెయిమ్ లేకుండా ఏడాది గడిస్తే 20 శాతం, తర్వాత 25, 35, 45, 50 అలా పెరుగుతుంది, ఒక్క క్లెయిమ్ పెడితే మళ్ళీ సున్నా. ఒక ఉదాహరణ వేద్దాం. మీ ఓన్ డ్యామేజ్ (సొంత బండి నష్టానికి కట్టే) ప్రీమియం డిస్కౌంట్‌కి ముందు 10,000 అనుకుందాం, వచ్చే రెన్యూవల్‌కి మీకు 35 శాతం రావాలి. అద్దం బిల్లు 6,500 అయింది, డిడక్టబుల్ పోగా కంపెనీ ఇచ్చేది 5,500. క్లెయిమ్ పెడితే వచ్చే ఏడు 3,500 పోయింది. ఆ తర్వాతి ఏడు 45 రావాల్సిన చోట 20 వస్తుంది, అక్కడ 2,500. తర్వాత 50కి బదులు 25, ఇంకో 2,500. ఆపైన 1,500, ఆపైన 500. మొత్తం 10,500. బండి విలువ తగ్గేకొద్దీ ప్రీమియం కూడా తగ్గుతుంది కాబట్టి నిజంగా పోయేది దీనికంటే కొంత తక్కువే గానీ, 5,500 కోసం అంత వదులుకోవడం దండగ. చిన్న కారు మామూలు అద్దానికి జేబులోంచి పెట్టుకోవడమే మేలు. పెద్ద బండి, ఖరీదైన అద్దం, లేదా ఎన్‌సీబీ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ ఉంటే క్లెయిమ్ వేస్కోండి. మీ ప్రీమియం కాగితం తీసి మీ అంకెలతో ఇదే లెక్క ఒకసారి వేస్కోండి, అయిదు నిమిషాల పని.

క్లెయిమ్ అనుకుంటే మాత్రం అద్దం ముట్టుకోకముందే కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబర్ తీస్కోండి. సర్వేయర్ చూడకుండానో, వాళ్ళు అడిగిన ఫోటోలు వీడియో పంపకుండానో అద్దం తీసేస్తే క్లెయిమ్ ఇబ్బందిలో పడుతుంది. ఇంటికొచ్చి చేసే ఫిట్టర్‌కి మీ ఇన్సూరెన్స్ కంపెనీతో క్యాష్‌లెస్ ఉందో లేదో కూడా ముందే అడగండి, లేకపోతే బిల్లు కట్టి తర్వాత తెచ్చుకోవాలి, దానికి జీఎస్టీ బిల్లు తప్పనిసరి.

ఫోన్‌లో ఏం చెప్పాలి, ఏం అడగాలి

"స్విఫ్ట్ ముందు అద్దం కావాలండి" అంటే సరిపోదు. ఒకే మోడల్లో ఏడాదిని బట్టి, వేరియంట్‌ని బట్టి అద్దాలు మారతాయి. కొన్నిటికి రెయిన్ సెన్సార్ స్టాండు ఉంటుంది, కొన్నిటికి పైన నీలం పట్టీ, కొన్నిటికి చప్పుడు తగ్గించే అకూస్టిక్ పొర, కొన్నిటికి కెమెరా బ్రాకెట్. అందుకని వాట్సాప్‌లో నాలుగు ఫోటోలు పంపండి: బయట్నుంచి మొత్తం అద్దం, మధ్య అద్దం మొదలు దగ్గర నుంచి తీసింది, అద్దం కింది మూలన ఉండే లోగో ముద్ర, ఆర్సీలో ఛాసిస్ నంబర్. ఇంత చేసినా తప్పు అద్దం వచ్చే ఛాన్స్ ఉంది, అందుకే వచ్చాక మళ్ళీ చూడాలి, అది తర్వాత చెప్తా.

అడగాల్సినవి ఇవి. అద్దం ఎవరిది? సెయింట్ గోబైన్ సెక్యూరిట్, ఏఐఎస్ అంటే అసాహీ ఇండియా, ఈ రెండూ కార్ల కంపెనీలకి కూడా అద్దాలు ఇచ్చేవే. కార్ కంపెనీ లోగో లేకుండా బయట మార్కెట్లో దొరికే వీళ్ళ అద్దం తక్కువ రేటుకొస్తుంది, దాంతో నాకు ఏ ఇబ్బందీ కనపడదు. ఏ ముద్రా లేని లోకల్ అద్దం మాత్రం వద్దు. జిగురు ఏది? పాలీయురెథేన్, అంటే వాళ్ళ భాషలో పీయూ సీలెంట్ అని చెప్పాలి, సికా, 3ఎమ్ లాంటి పేరున్నది అయ్యుండాలి. "మంచిదే వేస్తాం సార్" అనేది జవాబు కాదు, పేరు చెప్పాలి. సిలికాన్ వేస్తాం అన్నారంటే ఫోన్ పెట్టేయండి, సిలికాన్ బాత్రూమ్ టైల్స్‌కి పనికొస్తుంది గానీ అద్దాన్ని బాడీకి పట్టి ఉంచేంత బలం దానికి లేదు. ప్రైమర్, అంటే జిగురు బాగా పట్టడానికి ముందు రాసే పూత, వేస్తారా? ఇద్దరు మనుషులు వస్తారా? అద్దాన్ని కూర్చోబెట్టేటప్పుడు ఒక్కడే అయితే వంకర పడ్డం ఖాయం. బీడింగ్, క్లిప్పులు రేట్లో కలిపి చెప్తున్నారా విడిగానా? నీళ్ళు కారితే ఎన్నాళ్ళ వరకు వచ్చి చూస్తారు, ఆ మాట బిల్లు మీద రాసిస్తారా?

రేట్ల విషయానికొస్తే మామూలు చిన్న కార్లకి అన్నీ కలిపి పది వేల లోపే తేలిపోతుంది, సెన్సార్లు కెమెరాలు ఉన్నవి ఎక్కడికో వెళ్తాయి. ముగ్గురిని అడగండి, బాగా తక్కువ చెప్పినవాడిని జిగురు పేరు ఇంకోసారి అడగండి.

చోటూ టైమూ

మే నెలలో ఎండలో నిలబెట్టిన కారు మీద ఈ పని జరగకూడదు. ఇనుము కాలిపోతుంటే ప్రైమర్ రాసీ రాయకముందే ఆరిపోతుంది, సీలెంట్ మీద పొర కట్టేస్తుంది, అద్దం పెట్టేసరికి అది అంటుకోవాల్సినట్టు అంటుకోదు. ఎండాకాలం అయితే పొద్దున్నే ఏడింటికి రమ్మనండి, లేదంటే సాయంత్రం. కారు ముందురోజు రాత్రి నుంచీ నీడలోనే ఉండాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్ దీనికి చాలా బావుంటుంది, కాకపోతే మీ స్లాట్లో రెండు వైపులా తలుపులు బార్లా తెరవడానికి చోటుండదు కాబట్టి వాచ్‌మన్‌కి చెప్పి ఖాళీగా ఉన్న చోట పెట్టించుకోండి, ముందు వైపు కూడా ఇద్దరు మనుషులు అద్దం పట్టుకుని తిరిగేంత జాగా ఉండాలి. నేల సమంగా ఉండాలి, ర్యాంప్ మీద వద్దు.

వానాకాలం గురించి చాలామందికి డౌటు. గాలిలో తేమ ఉంటే పీయూకి నష్టం లేదు, నిజానికి అది గట్టిపడేదే గాలిలోని తేమ తీస్కుని. కానీ అతికించే చోట ఒక్క చుక్క తడి కూడా ఉండకూడదు. పైన కప్పు లేకుండా టార్పాలిన్ పట్టుకుని చేస్తాం అంటే ఒప్పుకోవద్దు, ఇంకోరోజు పెట్టుకోండి. అలాగే పక్కన ఫ్లాట్ కడుతూ సిమెంటు దుమ్ము లేస్తుంటే కూడా ఆరోజు వద్దు.

వాళ్ళొచ్చే ముందు డాష్‌బోర్డు మీది దేవుడి బొమ్మ, సెంటు సీసా, డాష్‌క్యామ్ అన్నీ తీసేయండి. సీట్ల మీద పాత దుప్పటి పరవండి. బానెట్, డాష్‌బోర్డు, అద్దం రెండు పక్కల స్తంభాల ప్లాస్టిక్ ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి, తర్వాత గీత కనిపిస్తే ఎప్పటిదని గొడవ పడక్కర్లేదు.

వచ్చాక, పాతది తీయకముందు

ఇక్కడ తొందర పడనివ్వద్దు, పాత అద్దం కోసేశాక ఇక వెనక్కి పోవడానికి లేదు. కొత్త అద్దాన్ని దుప్పటి మీద పెట్టించి చూడండి. మూలన ఐఎస్ఐ ముద్ర, లామినేటెడ్ అనే మాట, కంపెనీ పేరు ఉండాలి. రంగు పాతదానితో, పక్క అద్దాలతో కలవాలి. మధ్య అద్దం బొడిపె, సెన్సార్ స్టాండు సరిగ్గా పాతదాని చోటే ఉన్నాయా చూడండి. అంచు చుట్టూ వేలితో కాదు, కళ్ళతో, టార్చి వేసి చూడండి, చిన్న పెచ్చు ఊడినా వద్దనండి, వచ్చే ఎండాకాలం పగులు అక్కడినుంచే మొదలవుతుంది.

తర్వాత సీలెంట్ ట్యూబ్ చేతిలోకి తీస్కోండి. పేరు, ఎక్స్‌పైరీ తేదీ చదవండి, సీల్ విప్పని ట్యూబే కావాలి. నిన్న ఎవరిదో కారుకి సగం వాడి మూతికి టేపు చుట్టి తెచ్చింది లోపల ఎంత గట్టిపడిందో ఎవరికీ తెలీదు. రెండో ట్యూబ్ కూడా బ్యాగులో ఉందా అడగండి, మధ్యలో అయిపోతే కొనుక్కొస్తాం అంటే అప్పటికి వేసిన జిగురు పొర కట్టేస్తుంది. ఇవన్నీ అడిగితే ఫిట్టర్ ఏమనుకుంటాడో అని మొహమాటపడకండి. పని తెలిసిన మనిషైతే సంతోషంగా చూపిస్తాడు, పైగా ఈయనకి విషయం తెలుసని ఇంకాస్త జాగ్రత్తగా చేస్తాడు.

పని జరిగే తీరు

ముందు వైపర్లు విప్పుతారు, అవి ఏ చోట ఆగి ఉన్నాయో అద్దం మీద టేప్ ముక్కతో గుర్తు పెట్టి ఫోటో తీస్కోండి. తర్వాత వైపర్ల కింద ఉండే నల్ల ప్లాస్టిక్ జాలీ, పక్కల బీడింగ్, లోపల స్తంభాల కవర్లు. ఆ కవర్ల కింద కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న కార్లలో స్క్రూడ్రైవర్ పెట్టి లాగకూడదు, మెల్లగా క్లిప్పు క్లిప్పు తీయాలి. బానెట్ మీద, డాష్‌బోర్డు మీద గుడ్డ పరిచి అంచుల పెయింట్ మీద టేప్ వేయాలి.

పాత జిగురు కోయడానికి సన్నటి గట్టి తీగ వాడతారు. ఒక మూలన జిగురులోంచి తీగని లోపలికి గుచ్చి, ఒకరు కారు లోపల, ఒకరు బయట రెండు కొసలు పట్టుకుని అటూ ఇటూ లాగుతూ చుట్టూ తిరుగుతారు, గర్‌ర్ గర్‌ర్‌మని చప్పుడు, నల్లటి రబ్బరు పొట్టు డాష్‌బోర్డు మీద రాలుతుంటుంది. అద్దం వదులవగానే సక్షన్ కప్పులు పెట్టి ఎత్తేస్తారు.

ఇప్పుడు మీకు కనిపించేదే మొత్తం పనికి గుండెకాయ, దగ్గరికెళ్ళి చూడండి. అద్దం కూర్చునే ఇనుప అంచు చుట్టూ పాత జిగురు నల్లటి పట్టీలా ఉంటుంది. దాన్ని మొత్తం ఇనుము కనిపించేదాకా గీకేయకూడదు, ఉలితో సమంగా చెక్కి ఒకటి రెండు మిల్లీమీటర్ల పొర ఉంచాలి, కొత్త పీయూ ఆ తాజాగా కోసిన పాత పీయూ మీదే బాగా పడుతుంది. గీకేటప్పుడు ఎక్కడైనా పెయింట్ లేచి ఇనుము మెరిసిందనుకోండి, అక్కడ ప్రైమర్ రాసి ఆరనివ్వాల్సిందే. వదిలేస్తే అక్కడ తుప్పు మొదలై జిగురు కిందకి పాకుతుంది, బయటికి కనపడదు, రెండేళ్ళ తర్వాత వానలో కాళ్ళ దగ్గర కార్పెట్ తడిసినప్పుడు తెలుస్తుంది. వైజాగ్, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్ళలో ఆ ఉప్పుగాలికి ఇంకా తొందరగా వస్తుంది. ఇప్పటికే తుప్పు పొక్కులు కనిపిస్తే పని ఆపి దాన్ని శుభ్రం చేసి ప్రైమర్ వేశాకే ముందుకెళ్ళాలి, తుప్పు ఎక్కువుంటే ముందు టింకరింగ్ షాపు పని అది. ఇంతకుముందు ఎవరో సిలికాన్ వేసి ఉంటే మాత్రం దాన్ని ఆనవాలు లేకుండా తీసేయాలి, దాని మీద ఏదీ అంటదు.

కొత్త అద్దాన్ని ఒకసారి జిగురు లేకుండా ఊరికే పెట్టి చూసి, నాలుగు వైపులా సందు సమంగా ఉందో లేదో చూసి, గుర్తుకి టేప్ ముక్కలు వేస్కుని మళ్ళీ తీయాలి. తర్వాత అంచు నల్ల పట్టీని వాళ్ళ క్లీనర్‌తో తుడవాలి. ఇంట్లో అద్దాలు తుడిచే స్ప్రే, పెట్రోలు, తినర్ ఏవీ పనికిరావు, జిడ్డో సబ్బో మిగిలిపోతుంది. దాని మీద ప్రైమర్ ఒక పూత. ఎంతసేపు ఆరాలో ఆ సీసా మీదే రాసుంటుంది, అంతసేపు ఆగాల్సిందే, ఈ టైములోనే "టీ తాగొద్దాం" అని ఫిట్టర్లు అంటే హాయిగా తాగనివ్వండి. ఆరిన ప్రైమర్ మీద ఎవరి వేలూ పడకూడదు, చేతి జిడ్డు చాలు ఆ చోట పట్టు పోవడానికి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

సీలెంట్ గన్ మూతిని వి ఆకారంలో కోస్తారు, అప్పుడు జిగురు నిలువుగా, త్రికోణంలో, మధ్యలో తెగకుండా ఒకే ధారగా పడుతుంది. అలా ఎత్తుగా ఉంటేనే అద్దం నొక్కినప్పుడు అణిగి రెండు వైపులా పట్టుకుంటుంది. ఎక్కడైనా సన్నబడినా, బుడగ వచ్చినా అప్పుడే సరిచేయాలి. ధార పూర్తయిన నిమిషాల్లో అద్దం ఎక్కాలి. ఇద్దరూ రెండు వైపులా పట్టుకుని ముందే పెట్టుకున్న గుర్తుల ప్రకారం దించి, అరచేతులతో చుట్టూ మెల్లగా నొక్కుతారు. గుద్దకూడదు. పైనుంచి జారకుండా అద్దానికీ పైకప్పుకీ కలిపి టేపులు వేస్తారు.

వాళ్ళు వెళ్ళేలోపు వైపర్ నీళ్ళ పైపు మళ్ళీ తగిలించారా అని ఒకసారి స్ప్రే కొట్టించి చూడండి, దాన్ని మర్చిపోవడం చాలా మామూలు. వైపర్లు గుర్తు దగ్గరే ఆగుతున్నాయా, జాలీ క్లిప్పులన్నీ కూర్చున్నాయా చూడండి. డ్రైవర్ సీట్లో కూర్చుని దూరంగా ఉన్న కరెంటు స్తంభాన్నో గోడ అంచునో చూస్తూ తల అటూ ఇటూ కదపండి, గీత అలలా వంగితే అద్దం నాణ్యత బాలేదని, ఆ అద్దంతో రాత్రి ఎదురు లైట్లు రెండుగా కనపడి కళ్ళు లాగేస్తాయి, అప్పుడే చెప్పండి. పాత అద్దాన్ని వాళ్ళనే తీసుకెళ్ళమనండి, చెత్త ఆటో వాళ్ళ చేతులు కోసుకుపోతాయి. ఏసీ గాలి వచ్చే సందుల్లో గాజు పొడి ఉంటుంది, ఏసీ ఆన్ చేయకముందే వాక్యూమ్ పెట్టించండి.

ఆ తర్వాత రెండ్రోజులు

ఎంతసేపటికి నడపొచ్చు అనేది జిగురు రకాన్ని, వేడిని, తేమని బట్టి ఉంటుంది, కొన్ని రకాలకి ఒక్క గంటలోనే బండి తీయొచ్చంటారు, కొన్నిటికి చాలా గంటలు పడుతుంది. ట్యూబ్ మీద ఉన్న పేరు చూసి ఫిట్టర్‌తో టైము బిల్లు మీద రాయించండి. నా మాటగా అయితే ఆ రాత్రికి కదపకుండా వదిలేయండి, ఇంటి దగ్గర చేయించుకున్న లాభమే అది, బండి నడుపుకుంటూ వెనక్కి రావాల్సిన పని లేదు కదా.

కిటికీ అద్దం ఒకటి అంగుళం దించి ఉంచండి. అన్నీ మూసి తలుపు దడేల్న వేస్తే లోపలి గాలి పచ్చి జిగురు మీదున్న అద్దాన్ని బయటికి తోస్తుంది, ఎక్కడో చిన్న సందు పడుతుంది. ఇంట్లో అందరికీ ఈ మాట చెప్పండి, ముఖ్యంగా పిల్లలకి. టేపులు మర్నాటి దాకా తీయొద్దు. రెండ్రోజులు ప్రెషర్ వాష్ వద్దు, గుంతల రోడ్ల మీదికీ, స్పీడ్ బ్రేకర్ల మీద ఎగరేస్తూ పోవడానికీ వద్దు.

రెండ్రోజుల తర్వాత నీళ్ళ పరీక్ష. మామూలు పైపుతో, ప్రెషర్ లేకుండా, అద్దం పై అంచు నుంచి పక్కలకి అయిదు పది నిమిషాలు నీళ్ళు వదలండి. లోపల ఒకరు కూర్చుని డాష్‌బోర్డు మూలల్లో, స్తంభాల కింద, కాళ్ళ దగ్గర కార్పెట్ కింద టిష్యూ పేపర్ పెట్టి తీసి చూడాలి, కంటికి కనపడని చెమ్మ కూడా టిష్యూ మీద తెలిసిపోతుంది. తడి కనిపిస్తే ఫోటో తీసి ఫిట్టర్‌ని పిలవండి. బయట్నుంచి కాస్త సిలికాన్ పూసి సర్దేస్తాం అంటే ఒప్పుకోకండి, అద్దం తీసి మళ్ళీ వేయడమే సరైన మార్గం. హైవే మీద ఎనభై దాటాక ఈలలాంటి చప్పుడు వస్తున్నా అదే, బీడింగ్ సరిగ్గా కూర్చోలేదో, జిగురులో సందుందో చూపించాల్సిందే.

ఫాస్టాగ్, స్టిక్కర్

పాత అద్దం మీద ఉన్న ఫాస్టాగ్‌ని గీకి తీసి కొత్తదాని మీద అతికిద్దామనుకోకండి, పీకితే లోపలి యాంటెన్నా తెగిపోయేట్టే దాన్ని తయారుచేస్తారు. అద్దం మార్చే రోజు ఫిక్స్ అవగానే మీ ఫాస్టాగ్ ఇచ్చిన బ్యాంకు యాప్‌లో రీప్లేస్‌మెంట్ కోసం పెట్టేయండి, కారణంలో అద్దం పగిలిందని ఉంటుంది, బ్యాలెన్స్ కొత్త దానికి వస్తుంది. వేరే బ్యాంకుది కొత్తగా కొంటే ఒక బండికి ఒకే ట్యాగ్ కాబట్టి పాతది క్లోజ్ అవ్వాలి, ఆ గొడవ ఎందుకు. కొత్తది వచ్చేలోపు టోల్ దాటాల్సొస్తే, 2025 నవంబర్ 15 నుంచి యూపీఐతో కడితే మామూలు టోల్‌కి ఒకటింపావు వంతు. ట్యాగ్ చేత్తో పట్టుకుని చూపించడం కూడా కుదరదు, అలా వదులుగా పట్టుకుంటే బ్లాక్‌లిస్ట్‌లో పెడుతున్నారు, అద్దానికి లోపల వైపు మధ్య అద్దం వెనకాల అతికించండి, కొత్త అద్దం మీద తేమ, జిడ్డు లేకుండా తుడిచాకే.

2019 ఏప్రిల్ నుంచి తయారైన బండ్లకి అద్దం లోపల ఎడమ వైపు మూలన బండి నంబర్ ఉన్న రంగు స్టిక్కర్ ఒకటుంటుంది, పెట్రోలు, సీఎన్‌జీకి నీలం, డీజిల్‌కి నారింజ. అది కూడా హెచ్‌ఎస్‌ఆర్‌పీ అనే హై సెక్యూరిటీ నంబర్ ప్లేట్‌లో భాగమే, చాలామందికి అది పాత అద్దంతో పాటు పోయిందని కూడా తెలీదు. అద్దం తీసే ముందు దాన్ని ఫోటో తీసి పెట్టుకుని, డీలర్ దగ్గరో హెచ్‌ఎస్‌ఆర్‌పీ ఆర్డర్ చేసే చోటో స్టిక్కర్ ఒక్కటే మళ్ళీ తెప్పించుకోండి.